ఏడు తెల్ల తొండలు, ఒక కాలివేలు

పనికిరాని పొలాన్ని మనవాళ్లు తొండలు గుడ్లు పెట్టే నేల అంటారు. బీదర్‌లో ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెప్పిన నేను ఒక వానాకాలమంతా సరిగ్గా అలాంటి నేల కోసమే వెతుక్కుంటూ తిరిగాను. ఫోన్‌తో ఫొటో తీసి సాయంత్రానికల్లా "అరుదైన జీవి కనిపెట్టాం" అని లోకమంతా చాటే పిల్లలు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీకోసమే ఇది రాస్తున్నాను. నవ్వుకోండి, కాకపోతే పూర్తిగా చదివాక నవ్వండి.

మాది గంజ్‌లో పప్పుల టోకు వ్యాపారం చేసే ఇల్లు. మీద బల్లి పడితే పంచాంగం తిరగేసేవాళ్లే తప్ప, పడిన బల్లి ఎలా ఉందో చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. అటువంటి ఇంట్లోంచి వచ్చి నేను కాలేజీలో కప్పలనూ బొద్దింకలనూ కోసి చూపించాను, వంశపారంపర్య గుణాల పాఠం ఏటా అవే మాటల్లో చెప్పాను. సొంతంగా కనిపెట్టింది మాత్రం ఏమీ లేదు. వృక్షశాస్త్రం చెప్పే మా సహోద్యోగి ఉద్యోగం కోసం తెలంగాణ నుంచి వచ్చిన మనిషి, నాకంటే బాగా చిన్నది. ఆమె నోటికి తాళం లేదు.

"అక్కా, ఈ శాస్త్రం పుట్టిందే బఠాణీల మీద. మీ ఇంట్ల మూటలకొద్ది బఠాణీలున్నయి. ఒక్కటన్న కనిపెట్టకపోతిరి" అనేది.

నేను నవ్వేదాన్ని. లోపల కొంచెం గుచ్చుకునేది.

మా ల్యాబ్ అటెండర్ నేను చేరిన ఏడే చేరాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద, అందుకే అన్నా అని పిలిచేదాన్ని. సంతపూర్‌కు ఇవతల ఉన్న పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, చేతిలో గుడ్డసంచి, సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా. పాముల సీసాలు తుడిచేవాడు, ప్రాక్టికల్స్‌లో పిల్లలకు జవాబులు మెల్లగా అందించేవాడు. మాట్లాడేది తక్కువ. వాళ్ల ఊళ్లో కట్టె చివర దారంతో ఉచ్చు కట్టి తొండల్ని పట్టడంలో చిన్నప్పుడు ఆయన్ను మించినవాడు లేడట. ఆ సంగతి ఆయనే ఒకసారి చెప్పాడు, నేను వెంటనే మర్చిపోయాను. మర్చిపోకుండా ఉంటే ఈ కథే లేదు.

ఒక మే నెలలో ఇంటి జాగా చూద్దామని మావారు నన్ను ఊరి అంచున ఉన్న నౌబాద్ తీసుకుపోయారు. మూతపడిన ఒక చిన్న కార్ఖానా వెనక, సర్కారు తుమ్మ కంచె మీద, సున్నం కొట్టినట్టు తెల్లగా ఒక తొండ కూర్చుని ఉంది. మావారు జాగా కొలుస్తున్నారు, నేను తొండను చూస్తున్నాను. ఆ జాగా మేం కొనలేదు.

తొండ రంగు మార్చడం వింతేమీ కాదు, ఎండకూ భయానికీ కోపానికీ మారుతుంది. కుబుసం విడిచేటప్పుడు కూడా తెల్లబడుతుంది. అందుకని పది రోజులు ఆగి మళ్లీ వెళ్లాను, ఇంకో వారానికి మళ్లీ వెళ్లాను. ఉదయమూ తెలుపే, మధ్యాహ్నమూ తెలుపే. కళ్లు ఎర్రగా ఉంటే ఒంట్లో నలుపు తయారయ్యే పనే ఆగిపోయిందని అర్థం. దీని కళ్లు మామూలుగా నల్లగా ఉన్నాయి. అంటే రంగును మోసే కణాలే చర్మంలోకి చేరలేదన్నమాట. ఇలాంటివి ఎక్కువగా పుట్టుకతో, తల్లిదండ్రుల నుంచి వస్తాయి.

పాఠం చెప్పడం నా ఉద్దేశం కాదు కానీ ఈ నాలుగు ముక్కలూ లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఒక్కో గుణానికి తల్లి నుంచి ఒక చీటీ, తండ్రి నుంచి ఒక చీటీ అందుతాయి అనుకోండి. ఇటువంటి తెలుపు చీటీ మహా బిడియస్తురాలు. పక్కన మామూలు చీటీ ఉంటే నోరు విప్పదు. రెండూ తెలుపు చీటీలే అయినప్పుడు మాత్రమే తొండ తెల్లగా పుడుతుంది. ఒకచోట ఒక తెల్ల తొండ కనబడితే అది వింత, అంతే. దారి పొడవునా చాలాచోట్ల కనబడితే మాత్రం, మామూలు తొండల్లో ఆ చీటీ గుట్టుగా తిరుగుతోందని చెప్పొచ్చు. అప్పుడది కనుగోలు అవుతుంది. నాకు కనుగోలు కావాలి.

నౌబాద్ నుంచి సంతపూర్ దాకా బస్సు దారిలో కంచెలూ గుట్టలూ ఉన్నచోట్లు ఎంచి ఒక జాబితా రాశాను. ఐతారానికి, అంటే ఆదివారానికి, ఒక చోటు. జాబితాను ల్యాబ్ గోడకు అతికించింది అన్నే. తొండను ముట్టకూడదు, పట్టకూడదు, ఫొటో తీసి రాసుకుని రావాలి అన్నది నా నియమం. పాత పద్ధతిలో అయితే లెక్కలో ఒకే తొండ రెండుసార్లు రాకుండా వేలి కొస కత్తిరించి గుర్తు పెట్టేవాళ్లు. అది క్రూరమని నేను మానేశాను. గోళ్లరంగు చుక్క పెట్టమని సహోద్యోగి సలహా ఇచ్చింది, "నీ పెండ్లికి పెట్టుకో" అని ఆమె నోరు మూయించాను.

మూడు ఐతారాలు అన్నా నేనూ ఎండలో తిరిగాం. మామూలు తొండలు తలలూపుతూ మమ్మల్ని ఎగతాళి చేశాయి తప్ప తెల్లది కనబడలేదు. నాలుగో ఐతారం, ఒక పాత ఇటుక బట్టీకి చాలా ముందు, రోడ్డు పక్క కంచె మీద కనబడింది. నేను రోడ్డు మీదే అన్న చేయి పట్టుకుని ఊపేశాను. అక్కణ్ణుంచి ఇంచుమించు ప్రతి ఐతారం ఒకటి. సెప్టెంబర్ వచ్చేసరికి మొత్తం ఏడు చోట్ల ఏడు తెల్ల తొండలు.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అయితదంటరు. మా అక్క ముదిరి శాస్త్రవేత్త అయింది" అని సహోద్యోగి స్టాఫ్‌రూమంతా చాటింది. ప్రిన్సిపాల్ సెమినార్ పెట్టించారు. హైదరాబాద్ నుంచి తొండలూ బల్లుల మీద జీవితమంతా పనిచేసిన పెద్దాయన ముఖ్య అతిథి. "ఏడు తెల్ల తొండలు" అని కన్నడలో పెద్ద బ్యానర్ కట్టారు. దాని కింద నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాను, దాచడం ఎందుకు.

ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా గొప్ప సంగతులు బయటపడ్డాయి. నౌబాద్ తొండకు అన్ని వేళ్లూ ఉన్నాయి. మిగతా ఆరింటికీ ఎడమ వెనక కాలికి ఒక వేలు లేదు, ఆరింటికీ అదే వేలు. నాకు ఒళ్లు పులకరించింది. తెలుపు తెచ్చిన లోపమే వేలినీ ఆపేస్తోందని ఒక పేజీ రాశాను. నౌబాద్ దాన్ని మినహాయింపు అన్నాను. ఏడూ మగవే కావడం మీద ఇంకో పేరా. రెండో తొండ పాదం దగ్గర లేత పసుపు ఛాయ ఉంటే, అక్కడ కొంత వర్ణకం మిగిలిందని దానికీ కారణం చెప్పాను. చదువుకున్నవాళ్లం కదా, దేనికైనా కారణం చెప్పగలం.

సెమినార్ ముందురోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో కంప్యూటర్ తెరిచి అన్నను పిలిచాను. ఆయన పాము సీసా తుడుస్తున్నాడు.

"అన్నా, గిటు చూడు. ఆరిటికి గదే వేలు లేదు. పుట్టుకతోనే పోయింది. తెలుపుతోపాటు ఇది గూడ అమ్మానాయినల దిక్కెల్లి వస్తున్నది" అన్నాను.

ఆయన తుడవడం ఆపాడు. తెర దగ్గరికి వచ్చి చూశాడు.

"మేడం, గా వేలు పుట్టుకతోని పోలే."

"మరి?"

"నా టిఫిన్ డబ్బ మూతల వడి తెగింది."

నాకు అర్థం కాలేదు. "ఏ తొండది?" అని అడిగాను.

"ఉన్నది ఒక్కటే తొండ మేడం."

ఆ తర్వాత ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే చెప్తాను. "మూడు ఐతారాలు ఏం దొరకలే. వాపసు వచ్చేటప్పుడు మీరు కిటికి దిక్కు మొఖం పెట్టుకోని కూసుంటిరి. నాకు జర మంచిగ అనిపియ్యలే. నౌబాద్‌ల దిగి, ఉచ్చు కట్టి దాన్ని పట్టిన. ఒక్కపారి సూపిస్తే సాలనుకున్న. మీరు గంత ఖుషీ అయితిరి. మల్ల ఐతారం ఎట్ల ఊకుంట?"

ప్రతి శుక్రవారం జాబితాలోని చోట బస్సు దిగి దాన్ని వదిలేవాడు. మేం ఐతారం చూసి వచ్చాక మళ్లీ బుధవారం దిగి పట్టుకునేవాడు. తెల్లది కాబట్టి దూరం నుంచే కనబడేదట. శుక్రవారం దాకా ఇంట్లో కోళ్లగంప కింద ఉంచి మిడతలు పెట్టేవాడు. భార్య రెండుసార్లు గంప బయట పారేస్తానందట. వేలు తెగినరోజు పాపం అనిపించి పసుపు అద్దాడు. నేను వర్ణకం అని రాసుకున్నది అదే.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లలో ఆయన మీద ఎప్పుడూ అరవలేదు, ఆరోజు అరిచాను. ఆయన సీసా పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. "గల్తీ అయింది మేడం. రేపు నా పేరే చెప్పున్రి. మూడు నెలల్ల ఎట్లయిన పోయేటోన్నే" అన్నాడు. ఆ మాటతో నా కోపం దిగి భయం పట్టుకుంది. మచ్చ లేకుండా ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, పదవీ విరమణకు మూడు నెలల ముందు విచారణ ఎదుర్కోవాలి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, నా పేరు నిలుస్తుంది. జీవితానికి ఒక్క కనుగోలు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది, చాలాసేపు కూర్చుంది కూడా.

ఇంటికి పోకుండా దుకాణానికి వెళ్లాను. మావారు అంతా విన్నారు. ముందు పడీపడీ నవ్వారు, కాటా దగ్గర ఉన్న మనిషి తూకం ఆపి చూసేంతగా నవ్వారు. తర్వాత కళ్లు తుడుచుకుని అన్నారు. "తూకం తప్పు పోయిందని మనకు తెలిసినంక గిరాకి వచ్చి అడిగేదాంక ఆగొద్దు. మనమే మనిషిని పంపాలె. గది మీ మామ నేర్పిన ఎవ్వారం." అంతలోనే, "కాని తొండను బస్సు ఎక్కించినోన్ని మాత్రం యాడ సూడలే" అని మళ్లీ మొదలుపెట్టారు.

మర్నాడు హాలు నిండింది. ఏడు ఫొటోలూ తెర మీద పెట్టి, ఆ వేలు మీద గుండ్రంగా గీత గీసి చెప్పాను. "ఇవి ఏడు తొండలు కావు, ఒకటే. గుర్తు పెట్టకుండా లెక్కపెట్టిన తప్పు నాది. ఈ వేలే గుర్తుగా కనబడుతున్నా పోల్చుకోలేకపోయిన తప్పు కూడా నాదే." బ్యానర్ నా తల మీదే ఉంది. ప్రిన్సిపాల్ ముఖం చూసే ధైర్యం చేయలేదు.

ముఖ్య అతిథి కళ్లద్దాలు సర్దుకుని తెలుగులోనే అడిగారు. "మంచిదమ్మా. కానీ తొండ తన కంచె వదిలి పెద్దగా దూరం పోదు కదా. ఇది నౌబాద్ నుంచి సంతపూర్ దగ్గరిదాకా ఎట్లా పోయింది?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబూ తెలుసు. చెప్పకూడదని రాత్రే అనుకున్నాను. నీళ్ల గ్లాసు అందుకుని తాగాను, అవసరమైనదానికంటే ఎక్కువసేపు తాగాను. అప్పుడు హాలు వెనక నుంచి, చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని నిలబడిన అన్న గొంతు వినబడింది.

"నడుసుకుంట పోలే సార్. బస్సుల పోయింది. నాతోని."

పెద్దాయన వెనక్కి తిరిగారు. "టికెట్?"

"నాకొక్కనికే తీసిన సార్."

తెలుగు తెలిసినవాళ్లు వెంటనే నవ్వారు. మా సహోద్యోగి దాన్ని కన్నడలో ప్రిన్సిపాల్‌కు చెప్పింది, ముందు వరుసంతా విన్నది. దాంతో నవ్వు రెండో విడత వచ్చింది. ఆ రెండో విడతలో ప్రిన్సిపాల్ కూడా ఉన్నారు. అప్పటిదాకా ఆయన చేతిలో కాగితం మీద ఏదో రాస్తున్నారు, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. అందులో ఏముందో నేను ఎన్నడూ అడగలేదు, విచారణ మాటా ఎవరూ ఎత్తలేదు.

భోజనాల దగ్గర పెద్దాయన నన్ను వదిలేసి అన్న పక్కన కూర్చున్నారు. ఎక్కడెక్కడ వదిలాడో, ఎన్ని రోజులు ఉంచాడో విస్తరి పక్కన కాగితం పెట్టుకుని రాసుకున్నారు. "అక్కడున్న రోజుల్లో అది ఏం చేసేది?" అని అడిగారు.

"వట్టిగ కూసోలే సార్. ఇటుక బట్టీ కాడ ఆడదాని ముంగట దండీలు తీసుడు కండ్లార సూసిన. నేను పట్టవోతె కోపానికొచ్చింది."

పెద్దాయన తినడం ఆపి నావైపు చూశారు. మగ తొండ అలా ముందుకాళ్ల మీద లేచి దిగేది పెళ్లి కోసమే. "అమ్మా, మీ లెక్క తప్పింది కానీ ఈయన చేసిన పని తప్పలేదు. తెల్ల తొండ గద్దకు తొందరగా కనబడుతుంది, ఎక్కువ రోజులు బతకదు. ఈయన గంప కింద పెట్టి బతికించాడు, దారి పొడవునా తిప్పాడు. పిల్లలు పుట్టి ఉంటే అన్నీ మామూలుగానే కనిపిస్తాయి. చీటీ మాత్రం వాటిలో ఉంటుంది. మనవల దాకా ఆగి చూడండి" అన్నారు.

అన్నకు అందులో ఎంత అర్థమైందో తెలియదు. "ఆగుడేంది సార్, ఆగుతం" అన్నాడు.

తొండను ఇటుక బట్టీ దగ్గరే వదిలేశాం, అక్కడ కంచె బాగా దట్టం. చలికాలం దాకా అప్పుడప్పుడూ కనిపించి, తర్వాత కనిపించలేదు. ఒక శాస్త్ర పత్రికలో మా తొండ మీద చిన్న వ్యాసం అచ్చయింది. అందులో తొండ ఒకటే, రాసినవాళ్లం మాత్రం ఇద్దరం. రెండోది అన్న పేరు. ఆ పేజీని కత్తిరించి ఆయన పాము సీసాల అల్మారాకు అతికించాడు, పదవీ విరమణ రోజు జాగ్రత్తగా ఊడదీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. కొన్నాళ్లకు నేనూ రిటైరయ్యాను. కాలేజీలో మాత్రం ఇప్పటికీ ఎవరైనా లెక్క తప్పితే "బస్సు తొండ" అంటారట.

పోయిన వానాకాలం మా సహోద్యోగి ఫోన్ చేసింది. పిల్లల్ని మొక్కలు చూపించడానికి అదే దారిలో తీసుకుపోయింది. "అక్కా, ఇటుక బట్టీ కాడ వేలంత తొండపిల్ల. తెల్లగున్నది. కండ్లు నల్లగున్నయి."

నా నోట మొదట వచ్చిన మాట సంతోషం కాదు. "ఎవరన్న తెచ్చి ఇడిసిన్రా?"

"నాకు తెల్వదా అక్కా. అందరి టిఫిన్ డబ్బాలు చూసినంకనే నీకు ఫోన్ చేస్తున్న."

ఫొటో తీసుకుని నేను అన్న ఊరికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో ఆయన ఇల్లు దాటి చాలాకాలమైంది, బస్సు ఎక్కడం మాట అటుంచి. అరుగు మీద కూర్చోబెట్టి ఆయన భార్య నాకు చాయ్ ఇచ్చింది. మూలన కోళ్లగంప ఉంది. అన్న ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేశాడు. ముఖం చూడలేదు, రంగు చూడలేదు, నేరుగా ఎడమ వెనక కాలి దగ్గరికి పోయి లెక్కపెట్టాడు.

"ఐదున్నయి మేడం" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

డబ్బా మూత తెంపిన వేలి లోటు పిల్లలకు అందదని, తెలుపు మాత్రం అందుతుందని ముప్పై ఏళ్లు నేను క్లాసులో చెప్పిన పాఠాన్ని ఆయన ఒక్క కాలు చూసి ముగించాడు. ఇది దాని మనవడో ముని మనవడో అని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. ఆ దారిలో ఆ చీటీ ముందునుంచే ఉండి ఉండొచ్చు, పరీక్ష చేస్తే గానీ తేలదు. ఈసారి నేను ఏమీ రాయలేదు, బ్యానర్ కట్టించలేదు. ఆ పిల్ల మెడ పక్కన గోళ్లరంగు చుక్క పెట్టి రమ్మని మాత్రం సహోద్యోగికి చెప్పాను.

అన్న ఫోన్ తిరిగి ఇచ్చాడు. ఏదో గుర్తొచ్చినట్టు గాబరాగా నా ముఖంలోకి చూశాడు.

"మేడం, ఇది నేను తెచ్చింది కాదు. ఒట్టు."

నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ తడిశాయి.

"నువ్వు తెచ్చిందే అన్నా" అన్నాను.